గడప ముందు ఇత్తడి రేకు

కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఇంకా ఆరలేదు. అందులో, సరిగ్గా తన దుకాణం గడప ముందు, అరచేతంత ఇత్తడి రేకు చూసి సైదయ్య గుండె గుభేలుమంది.

పక్కనే ఓ ముసలి తెల్లాయన మోకాళ్ల మీద కూర్చుని ఆ రేకును రుమాలుతో తుడుస్తున్నాడు.

"ఎవడివయ్యా నువ్వు? నా దుకాణానికి చేతబడి చేస్తున్నవా?"

సూర్యాపేటలో గడప ముందు రేకు పాతితే ఇంకేమనుకుంటారు మరి!

ఆయనను తీసుకొచ్చిన ఆటో జైరాం అడ్డొచ్చాడు.

"చేతబడి కాదు సైదన్నా. ఈయనది జర్మనీ. అప్పట్ల హిట్లర్ మనుషులు యూదులను లక్షల మందిని సంపిండ్రు గదా. అట్ల పోయినోళ్లు ఆఖరుసారి ఇష్టపడి యాడ ఉన్నరో, ఆ ఇంటి ముందట గిట్ల పేరు చెక్కిన రేకు పెడ్తరంట. ఇది ఒక ఆడమనిషి పేరు."

"ఆడమనిషి పేరు కాళ్ల కింద ఏస్తడా? గదేం మర్యాద?"

జైరాం వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. ముసలాయన నెమ్మదిగా ఇచ్చిన జవాబును తెలుగులో చెప్పాడు.

"చదవాలంటే ఎంతటోడైనా తల వంచాలె గదా, అందుకంట."

"గిది మా తాత కట్టిన ఇల్లు. జర్మనోళ్లకు గీడేం పని?"

సైదయ్య గడ్డపార తెచ్చి రేకును పెకిలించాడు. ముసలాయన మళ్లీ పెట్టాడు. సైదయ్య మళ్లీ తీశాడు. ముసలాయన పట్టు వదల్లేదు.

చివరికి సైదయ్య రేకును లాక్కుని, గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ముసలాయన అతని భుజం మీదుగా లోపలికి ఒకసారి చూసి, ఆటో ఎక్కాడు.

గొడవ విని తల్లి యాదమ్మ బయటికొచ్చింది.

"ఏం పేరుంది బిడ్డా దాని మీద?"

సైదయ్య కూడబలుక్కుని చదివాడు. "డాక్టర్... రూత్."

యాదమ్మ గడప మీద కూలబడింది.

"మన రూతమ్మరా! నిజాం జమానాల ఈ అర్ర కిరాయికి తీసుకొని ఊరందరికీ మందులిచ్చింది. మా అత్త చెప్పేది. కొడుకు జర్మనీలనే చిక్కుకపోయిండు, తెచ్చుకుంటనని పోయింది. గీడనే ఉంటే బతికేది. మళ్ల రాలే."

పుట్టినప్పటి నుంచి ఆ గదిని "డాక్టరమ్మ అర్ర" అంటూనే ఉన్నాడు సైదయ్య. ఏ డాక్టరమ్మ అని ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

రోడ్డు పనివాళ్ల దగ్గర సిమెంటు అడిగి, తాపీ పట్టుకుని, రేకును తీసిన చోటనే తన చేత్తో అమర్చాడు.

"ఇగ దీన్ని ఎవడు తీస్తడో సూస్త!"

అంతలో జైరాం ఖాళీ ఆటోతో తిరిగొచ్చాడు.

"పెద్దాయన ఏడి?"

"బస్సెక్కి పోయిండు. ఎక్కేటప్పుడు చెప్పిండన్నా... వాళ్లమ్మ ఉన్న అర్రల జరసేపు కూసుందామని వచ్చిండంట."