గాలిబల్ల

"ఇది దిష్టిబొమ్మనా, పెండ్లికొడుకా?" భిక్షపతి ప్లాస్టిక్ మొహాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "గీ మొహం జూస్తే దిష్టి వోదు కోదండం. చుట్టమనుకొని ఇంట్లకొస్తది."

కోదండం కూడా బలవంతాన నవ్వాడు. ఎదురు చెబితే బేరం చెడుతుంది.

ఎల్బీనగర్‌లో భిక్షపతి పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ప్లాట్లలో ఇళ్ళు లేస్తున్నాయి. కడుతున్న ప్రతి ఇంటికీ దిష్టిబొమ్మ కట్టాలి. గుమ్మడికాయైతే కుళ్ళిపోతుంది. అట్టబొమ్మ వానకు నానిపోతుంది. ప్లాస్టిక్‌ది గృహప్రవేశం దాకా చెక్కుచెదరదు. ఈ లెక్క తట్టిన రోజే కోదండం దిల్‌సుఖ్‌నగర్‌లో బావమరిది బట్టల షాపులో చీరలు మడతపెట్టే పని మానేశాడు.

"ఆదివారం దాకా జూస్త. జూస్తే గుండె ఝల్లుమనాలె. లేకుంటే గుమ్మడికాయలే కొనుక్కుంట," అన్నాడు భిక్షపతి.

"అట్లనే పటేలా," అని బొమ్మను చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు కోదండం. ఈ బేరం పోతే మళ్ళీ బావమరిది ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

ప్లాస్టిక్ బొమ్మలు చేసే మిషన్ కొనే తాహతు లేక, తనే ఒక బల్ల తయారు చేసుకున్నాడు. పాత చెక్కపెట్టె, దాని మూత నిండా చిల్లులు, కింద జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం. చిల్లుల మీద మట్టి అచ్చు పెట్టాలి. ప్లాస్టిక్ షీటును హీటరు మీద తడిబట్టలా వేలాడేదాకా కాచి అచ్చు మీద పరవాలి. స్విచ్ వేస్తే కింది గాలంతా లాగేసి, షీటు అచ్చుకు అతుక్కుపోవాలి.

అతుక్కోవడం లేదు. ముక్కు దగ్గర చిరుగుతుంది. లేదంటే బుగ్గల దగ్గర ముడతలు పడుతుంది. సంతలో కొన్న రాక్షసుడి బొమ్మను అచ్చుగా పెడితే, కుదిరిన ఒక్కటీ పెళ్ళికొడుకైంది.

"అచ్చు నేను జేస్త. నువ్వు గాలి సంగతి జూసుకో," అంది భార్య ఆండాలు. ఏటా చవితికి వాడకట్టు వినాయకుణ్ణి చేసే చెయ్యి ఆమెది.

కోదండం బల్లతో కుస్తీకి దిగాడు. పాత రాక్షసుడి మీదే షీటు పరిచి స్విచ్ వేశాడు. ముడత. పెట్టెను తన్నాడు. పళ్ళు కొరికాడు. గొట్టాన్ని తిట్టాడు, కరెంటును తిట్టాడు, ఆ గొట్టం అమ్మినవాడి వంశాన్నంతా తిట్టాడు. పక్కవాటా రాజమ్మ తొంగిచూసి తలుపేసుకుంది.

ఎదురుగా పీట వేసుకుని ఆండాలు తాపీగా మట్టి పిసుకుతోంది.

"జర ఇటు దిరుగు."

"ఎందుకే?"

"వెలుతురుకు అడ్డమొస్తున్నవ్."

తిరిగాడు. మళ్ళీ స్విచ్. ఈసారి ముక్కు చిరిగింది. ఆండాలు ముసిముసిగా నవ్వింది.

"నేనీడ సస్తుంటే నీకు నవ్వొస్తుందా?" అని ఉరిమాడు.

"ఒర్రు, ఇంకింత ఒర్రు. లోపల వెట్టుకోకు," అంది ఆండాలు, మట్టి మీంచి చెయ్యి తియ్యకుండా.

శనివారానికి అచ్చు ఎండింది. గాలి పెట్టె అంచుల్లోంచి కారిపోతోందని కోదండానికీ అప్పుడే తెలిసింది. పాత సైకిల్ ట్యూబు కోసి అంచు చుట్టూ మేకులతో బిగించాడు. స్విచ్ వేశాడు. షీటు ఫట్‌మని అచ్చుకు కరుచుకుంది.

ముడిపడ్డ కనుబొమ్మలు. ఉబ్బిన ముక్కుపుటాలు. కింది పెదవిని కొరుకుతున్న పళ్ళు. కోదండానికే ఒళ్ళు జలదరించింది.

"యాడ దొరికిండే వీడు?"

"మనసుల వడ్డది, జేసిన," అని ఆండాలు చేతులు కడుక్కోవడానికి లేచింది.

మర్నాడు భిక్షపతి బొమ్మను చూసి అడుగు వెనక్కి వేశాడు. "గిదీ దిష్టిబొమ్మంటే! దీని కింద కూలోళ్ళు బీడి గూడ ముట్టియ్యరు. అన్ని ఇండ్లకూ ఇదే జెయ్యి."

నెల తిరిగేసరికి అన్ని ఇళ్ళకూ అదే వేలాడింది. కోదండం కోపం ఎటుపోయిందో పోయింది. రాజమ్మను కూడా నవ్వుతూ పలకరిస్తున్నాడు.

ఓ పొద్దున గడ్డం గీసుకుంటుంటే బ్లేడు చెంపను కస్సున కోసింది. పళ్ళు కొరుకుతూ అద్దంలోకి ఉరిమి చూసిన కోదండానికి, ఎల్బీనగర్ ఇళ్ళ మీద వేలాడుతున్న ఆ మొహమే ఎదురైంది.