నీరజ ఎటు తిరిగి పడుకుంటుంది?

తెనాలిలో ఆ పరుపుల షోరూం మధ్యన హనుమంతరావు చెప్పులు విప్పి, వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు సేల్స్‌మన్ దీపక్.

"దండ ఒక్కటే తక్కువ," అంటూ లేచి కూర్చున్నాడు హనుమంతరావు.

అది ఏడో పరుపు. పొద్దున రేపల్లెలో రైలెక్కింది మొదలు అతనికి ఒకచోట కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఫోన్ చూసుకోవాలనిపిస్తోంది.

ఇంటి దగ్గర భార్య నీరజ నలభై రోజులుగా వాలుకుర్చీలోనే తెల్లవారుస్తోంది. తెనాలి ఆసుపత్రిలో నడుం ఆపరేషన్ అయ్యాక, అక్కడున్న తొమ్మిది రాత్రులూ ఇనుప మంచం మీద హాయిగా నిద్రపోయింది. ఇంటికొచ్చి టేకు మంచం ఎక్కిన రోజు నుంచీ కన్ను మూతపడలేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే మళ్ళీ చేర్చాల్సిందే అన్నాడు డాక్టరు.

తప్పు మంచానిది కాదు, మనిషిది కాదు, కాబట్టి పరుపుదేనని హనుమంతరావు తీర్పు చెప్పేశాడు.

"అమ్మగారు ఎలా పడుకుంటారండి? పక్కకా, వెల్లకిలా, బోర్లానా? దాన్నిబట్టి ఫోమ్ మారుద్దండి."

హనుమంతరావు ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

రేపల్లెలో అతనిది విత్తనాల కొట్టు. ఏ విత్తు ఎన్నో రోజున మొలకెత్తుతుందో చెప్పగలడు. ఇరవై రెండేళ్ళుగా పక్కనున్న మనిషి ఎటు ఒత్తిగిలుతుందో మాత్రం చూడలేదు. ఆమె పడుకునేసరికి అతను నిద్రలో ఉంటాడు. అతను లేచేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది. పోనీ ఫోన్ చేసి అడుగుదామంటే, ఇరవై రెండేళ్ళ తర్వాత అడగాల్సిన ప్రశ్న కాదది.

"ఇది మెమరీ ఫోమండి. మన ఒంటి తీరు గుర్తుపెట్టుకుంటది."

"నయమే. ఇంట్లో ఒకరికైనా గుర్తుంటుంది."

"ఇదైతే రెస్పాన్సివ్ ఫోమండి. నొక్కి వదిలితే టక్కున పైకొచ్చేస్తది. మనిషి ఇలా కదిలితే చాలు, స్పందిస్తది."

"మా ఆవిడ ముందే చూసుంటే దాన్నే పెళ్ళాడేది."

నవ్వాడే గానీ, కాలు ఊగుతూనే ఉంది. పరుపు కోసం వచ్చి పరువు పోగొట్టుకోవడం ఎందుకని, "వెల్లకిలానే పడుకుంటుందయ్యా, మహారాణిలాగ! గట్టిది ఇవ్వు," అనేశాడు.

"కాదండి బాబుగారూ."

అన్నది పక్క పరుపు మీద దుమ్ము దులుపుతున్న ఆడమనిషి. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లటి గుంటలు.

"అమ్మగారు ఎడం పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటారండి. గట్టిది వేస్తే భుజం ఒత్తుకుపోద్ది. ఆ టక్కున లేచేది తీసుకోండి. మోకాళ్ళ మధ్యన దిండు పెట్టండి."

హనుమంతరావు పరుపు కంటే వేగంగా పైకి లేచాడు.

"ఏమ్మా! మా ఆవిడ ఎలా పడుకుంటుందో నీకేం తెలుసు?"

"అదేనండి, నేను..."

"నువ్వు ఆపు! మొగుణ్ణి నేనా, నువ్వా?"

దీపక్ కిసుక్కున నవ్వాడు. అవతల దిండ్లు బేరమాడుతున్న ఇద్దరాడవాళ్ళు ఇటు తిరిగారు. హనుమంతరావుకి చెవులు ఎర్రబడ్డాయి.

"పరుపులు దులపమని పెట్టుకుంటే కస్టమర్లని దులుపుతోందేంటయ్యా! మీ ఓనరుకి చెప్పు. ఇలాంటివాళ్ళుంటే రేపల్లె నుంచి ఒక్కడు రాడు!"

ఆమె తల వంచుకుంది.

"అమ్మగారు జాగ్రత్తండి," అని దులిపే గుడ్డ మడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

గట్టి పరుపు సాయంత్రానికల్లా వ్యానులో రేపల్లె చేరింది. కవరు చింపితే వాపసు తీసుకోరండీ అని డ్రైవరు చెబుతుండగానే హనుమంతరావు చింపేశాడు.

నీరజని భుజం పట్టుకుని నడిపించి, వెల్లకిలా పడుకోబెట్టాడు.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు.

"ఎలా ఉంది?"

"బల్ల మీద పడుకున్నట్టుందండి," అంటూ ఆమె కుర్చీకేసి చెయ్యి చాపింది.

ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, హనుమంతరావు గదిలోంచి వరండాలోకీ, వరండాలోంచి గదిలోకీ తిరగడం మొదలుపెట్టాడు. అంతలో ఫోన్. దీపక్.

"సార్, పరుపు సుఖంగా ఉందాండి? అన్నట్టు, ఆ దులిపే ఆవిణ్ణి మా ఓనరు పంపించేశారండి. మీరు చెప్పాక ఇంక ఉంచుతామా? మాకు కాస్త అయిదు స్టార్లు కొట్టండి సార్."

భార్యని నవ్విద్దామని హనుమంతరావు ఆ కథంతా అభినయించి మరీ చెప్పాడు.

"ఎడం పక్కకట! మోకాళ్ళ మధ్యన దిండట! చూసొచ్చినట్టు చెప్పింది నీరజా, మహాతల్లి. దెబ్బకి ఉద్యోగం ఊడింది."

నీరజ నవ్వలేదు.

"కళ్ళ కింద నల్లగా ఉంటుందా?"

"నీకెలా తెలుసు?"

"రిబ్కమ్మ. పగలు ఏదో కొట్లో పని చేస్తానని చెప్పేది."

"ఏ రిబ్కమ్మ?"

నీరజ కొత్త పరుపుకేసి చూసింది. తర్వాత అతనికేసి చూసింది.

"ఆడవాళ్ళ వార్డులోకి రాత్రిళ్ళు మగవాళ్ళని రానిచ్చేవారు కాదుగా, మీరు వరండాలో పడుకునేవారు. నాకక్కడ నిద్ర పట్టింది మంచం వల్లా కాదు, పరుపు వల్లా కాదండీ... నొప్పికి మూలిగినప్పుడల్లా నన్ను ఎడం పక్కకి తిప్పి, నా వీపుకి తన ఒళ్ళు దన్నుగా పెట్టి, తొమ్మిది రాత్రులూ తెల్లార్లూ మేలుకుని కూర్చున్న రాత్రి డ్యూటీ ఆయమ్మే ఆ రిబ్కమ్మ."