బూరుల్ వేసిన తాళం

"తాళం తియ్యి వదినా. అక్కడ ఆట మొదలెట్టేస్తున్నారు," అన్నాడు తలాయ్, గుర్రం దిగకుండానే.

"తియ్యను," అంది బూరుల్. ఆమె గుమ్మం ముందు మెట్టు మీద తాపీగా కూర్చుని ఉన్ని చిక్కు తీస్తోంది. ఆమె వెనక తలుపుకి గొర్రెల దొడ్డికి వేసే పెద్ద తాళం వేలాడుతోంది.

పక్కనే కిటికీలో ఆమె మొగుడు ఎసెన్ ముఖం కనిపిస్తోంది. చలికాలం వచ్చేస్తోందని కిటికీ సందులన్నీ కాగితాలంటించి మూసేశారు. పైనున్న చిన్న అద్దం ఒక్కటే తెరుచుకుంటుంది. అందులోంచి అతని ముక్కూ మీసమూ మాత్రం బయటికొచ్చాయి.

"చూశావురా తలాయ్ నా బతుకు. తుంటి మార్పించుకుని మళ్లీ మనిషినయ్యాననుకున్నాను. గంప కింద కోడినయ్యాను."

ఊరి కోక్-బోరు జట్టుకి తలాయ్ నాయకుడు. మేక కళేబరాన్ని గుర్రాల మీంచే ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుని, అవతలివాళ్ల గుంటలో పడేసే ఆట అది. ఆ గుంజులాటలో ఎసెన్ చెయ్యి పడితే విడిపించినవాడు ఆ లోయలో లేడు. ఇవాళ ఏటవతలి ఊరితో పోటీ. పొద్దున్నే జట్టులో ఒకడి మణికట్టు విరిగింది. మనిషి తక్కువైతే ఆడకుండానే ఓడినట్టు లెక్క. అందుకే తలాయ్ ఎసెన్ గుర్రానికే జీను వేసి, పక్కన నడిపించుకుంటూ తీసుకొచ్చాడు.

"పట్నం డాక్టరు గుర్రం ఎక్కొచ్చన్నాడా లేదా?" అన్నాడు తలాయ్.

"ఎక్కొచ్చన్నాడు. పడొద్దన్నాడు. పడకుండా ఆడతారా మీరు?"

"మా అన్న ఎప్పుడన్నా పడ్డాడా వదినా?"

"మరి ఆ పాత తుంటిని చెదలు తినేశాయా?"

ఈవిడతో వాదించడం తన వల్ల కాదనుకుని తలాయ్ కిటికీ దగ్గరికి పోయాడు.

"అన్నా, అవతలికి జరుగు. అద్దం పగలగొట్టేస్తాను."

"ఒద్దురా. మంచు పడే రోజులు. మళ్లీ ఈ కొలత అద్దం ఎక్కడ దొరుకుతుంది?"

"వెనక వంటింటి తలుపో?"

"దానికీ వేసింది. బూట్లు కూడా దాచేసిందిరా, మహాతల్లి."

తలాయ్ గుర్రం మీదే ఒంగి తన బూట్లు పీకి చూపించాడు. "నావి తొడుక్కో. నేను మేజోళ్లతో ఆడతాను."

"నీ పాదం చిన్నదిరా," అన్నాడు ఎసెన్ దిగులుగా.

మైదానం వైపు నుంచి మైకు వినిపించింది. రెండు జట్లనీ పిలుస్తున్నారు. ఎసెన్ గుర్రం చెవులు నిక్కించి నేలని కాలితో తవ్వింది. కిటికీలో ముఖం ఒక్క క్షణం మాయమై మళ్లీ వచ్చింది. ఎలాంటి మనిషికి ఏ గతి పట్టిందనుకున్నాడు తలాయ్.

ఆ లోయలో ఒక కట్టుబాటుంది. ఆడలేనని తన నోటితో అన్న ఆటగాడు కొరడా నాయకుడి చేతికిచ్చి, ఆ రోజు నుంచి ముసలివాళ్ల వరసలో కూర్చోవాలి. మళ్లీ ఎవరూ పిలవరు. ఇంట్లోవాళ్లు ఆపితే మాత్రం ఆటగాడు ఆటగాడే. నవ్వులపాలయ్యేది ఇంట్లోవాళ్లు.

విసుగెత్తి తలాయ్ చెయ్యి చాచాడు. "పోనీ రాలేనని చెప్పెయ్యన్నా. కొరడా ఇటిచ్చెయ్. వెళ్లిపోతాను."

"ఎవడ్రా రాలేనన్నది?" ఎసెన్ గొంతు వీధి చివరిదాకా పోయింది. "దాని చేత తాళం తీయించు. నీ కళ్ల ముందే ఎక్కుతాను."

పక్కింటి ప్రహరీ మీంచి నాలుగు తలలు లేచాయి. తలాయ్ ఇక ఆగలేకపోయాడు. గుర్రం దిగి, మేజోళ్లతోనే బూరుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వదినా, ఇన్నాళ్లూ పెద్దదానివని ఊరుకున్నాను. ఊరంతా ఏమంటోందో తెలుసా? మొగుడు కుంటివాడై పొయ్యి దగ్గర పడుంటేనే నీకు సుఖమట. డాక్టరు ఆయన్ని లేపి నిలబెడితే, నువ్వు నడుం విరగ్గొట్టావంటున్నారు."

బూరుల్ చేతుల్లో ఉన్ని ఆగిపోయింది. ఆమె తలాయ్ వైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగింది.

"విన్నావా?" అంది.

అద్దంలోంచి ముక్కూ మీసమూ లోపలికి పోయాయి.

"విన్నావా అంటున్నాను." ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మెడలో తాడుకున్న తాళంచెవి లాగి, లేచి తాళం తీసింది. ఉన్ని బస్తా అడుగు నుంచి బూట్లు తీసి గడప మీద పడేసింది. తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది.

తలాయ్‌కి సంతోషంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది. అన్న మాట ఎక్కువైందని తెలుస్తూనే ఉంది. ఆటయ్యాక వచ్చి తప్పు ఒప్పుకుందామనుకుని, గబగబా ఎసెన్ గుర్రాన్ని గుమ్మం దాకా తెచ్చి పట్టుకున్నాడు.

"రా అన్నా. టైము లేదు."

గడప లోపల ఎసెన్ నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. పాతరోజుల్లోలాగే నిటారుగా ఉన్నాడు. గుర్రం అతన్ని చూసి సకిలించింది. అతను మాత్రం రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని ఆ జీను వంకే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా?" అన్నాడు తలాయ్.

ఎసెన్ అతని వైపు తిరగలేదు. పెళ్లాం వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు గానీ తలాయ్‌కి ప్రతి మాటా వినబడింది.

"నేనెంత గోల చేసినా తియ్యనని ఒట్టేశావు కదే."