మేక దగ్గు

కోలారు బంగారు గనుల కోరమండల్‌లో, కూలీల ఇళ్ల మూడో లైను ముందర టాక్సీ ఆగింది. అందులోంచి ఒక తెల్లదొర దిగాడు.

గని మూతపడి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లూ గుండూరావు చెప్పిన మాట ఒక్కటే. కంపెనీ మళ్లీ వస్తుంది, దొరలే వచ్చి గని తెరుస్తారు. ఒకప్పుడు కూలీల హాజరు రాసే గని టైమాఫీసులో గుమాస్తా కదా, ఆయన మాట నమ్మి లైనులో సగం మంది ఊరు విడవకుండా కూర్చున్నారు.

పైకి చెప్పలేదుగానీ, ఈమధ్య ఆయనకే తన మాట మీద నమ్మకం సడలింది. అందుకే దొరను చూడగానే చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు.

ముసలి దొర. చంకలో పెద్ద పుస్తకం, చెవి మీద పెన్సిలు.

"గని లోపల పని చేసినవాళ్లు కావాలి," అన్నాడు ఇంగ్లీషులో. "పాతవాళ్లయితే మరీ మంచిది. నేను టీచర్ని."

గుండూరావు కళ్లు చెమర్చాయి. టీచరంటే ట్రైనింగు ఇచ్చే దొరే. ముందు పాతవాళ్లను తీసుకుంటారు, ఆ తర్వాత పిల్లలకు పని నేర్పిస్తారు. ఇంకేం కావాలి?

దొరకు కుర్చీ వేయించి, తను లైను చివరి ఇంటికి పోయాడు.

అక్కడ సీనప్ప ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో రాయి తొలిచి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్న మనిషి. మాటకొక దగ్గు.

"సీనప్పా, కంపెనీ దొర వచ్చినాడు. నీ దగ్గు విన్నాడంటే ఈడ అందరూ రోగిష్టోళ్లే అనుకొని పోతాడు. రెండు దినాలు బయటికి రావద్దప్పా."

సీనప్ప నొచ్చుకోలేదు.

"తాళమే వేసేయండి అయ్యా. నా మూలంగా పిలకాయల పని పోకూడదు."

ఆయన భార్య లక్ష్మీదేవమ్మ తనే తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

రెండు రోజులు దొర కొళాయి దగ్గర కూర్చుని ఒక్కొక్కరి ముఖమే గీశాడు. గీసిన ప్రతి ముఖం కింద పేరు అడిగి రాసుకున్నాడు.

గుండూరావు మనవరాలు చిత్ర కోలారులో కాలేజీ చదువుతోంది.

"తాతా, ఈయన వట్టి బొమ్మలేసే మనిషి మాదిరి ఉండాడు," అంది.

"గమ్మునుండు. పాసుకు ఫోటో బదులు ఇప్పుడు ఇట్లనే గీస్తారేమో. టైమాఫీసు సంగతి నీకేం తెలుసు?"

గనిలో పని చేసిన ఆంజినప్ప ఈడు తక్కువగా కనబడాలని తలకు రంగు వేసుకుని మరీ వచ్చాడు.

రెండో రోజు మధ్యాహ్నం లైను చివర్నుంచి దగ్గు వినిపించింది. నోట్లో తువ్వాలు కుక్కుకున్నా ఆగని దగ్గు.

దొర చేయి ఆగింది. "ఎవరది?"

"మేక సార్," అన్నాడు గుండూరావు.

దొర లేచి ఆ ఇంటి ముందరికి పోయాడు. తాళం చూశాడు.

"ఒకసారి తెరుస్తారా?"

"ఇంటాయన బంగారుపేట పోయినాడు సార్. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది," అన్నాడు గుండూరావు.

లక్ష్మీదేవమ్మ కొంగు వెనక్కి లాక్కుంది.

దొర చాలాసేపు ఆ తలుపు ముందర నేల మీదే కూర్చుని ఏదో గీసుకున్నాడు. పోయేటప్పుడు గుండూరావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఓపెనింగ్ ఎప్పుడు సార్?" గుండూరావు అడిగేశాడు.

"వచ్చే ఏడాది," అన్నాడు దొర.

ఆ పూట లైనంతా పాయసం వండుకున్నారు.

నెల తిరక్కుండానే సీనప్ప పోయాడు.

పదకొండో రోజున పటం పెట్టడానికి ఫోటో లేదు. ఫోటో ఉన్న పాసును గని మూసేటప్పుడే కంపెనీ వెనక్కి తీసుకుంది. పెళ్లి ఫోటో ఇంటి కప్పు కారి పాడయింది. ఓటరు కార్డులో ముఖం ఉండాల్సిన చోట నల్లటి మరక. లక్ష్మీదేవమ్మ ఆయన గని టోపీని పీట మీద పెట్టి, దానికే పూలదండ వేసింది.

కంపెనీ రాలేదు. "యాడయ్యా మీ దొర?" అని అడిగీ అడిగీ విసిగిపోయి, ఆంజినప్ప రోజూ పొద్దున రైలుకు బెంగళూరు పోయి వాచ్‌మన్ పని చేసొస్తున్నాడు.

ఏడాది దాటాక అమెరికా నుంచి గుండూరావు పేరున పార్సెలు వచ్చింది. అందులో ఒక లావుపాటి పుస్తకం. లైనంతా మూగింది. ఏ పేజీ తిప్పినా లైను ముఖాలే.

"ఆయన పేరున్న పెయింటరంట తాతా," అంది చిత్ర ఉత్తరం చదువుతూ. "నలభై ఏళ్లు కాలేజీలో బొమ్మలు నేర్పినాడంట. ఈ పుస్తకం పంపింది ఆయన శిష్యులు. ఈ బొమ్మల ప్రదర్శనకు ఓపెనింగ్ అయిన వారానికే పోయినాడంట."

గుండూరావు గోడకు చేరగిలబడ్డాడు. ఓపెనింగంటే అదన్నమాట. సిగ్గుతో ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

లక్ష్మీదేవమ్మకు ఆ మాటలేవీ పట్టలేదు. ఒక్కొక్క పేజీ తిప్పుతోంది.

"మా ఆయన్ది ఉండాదేమో చూడమ్మా. ముఖం మరిచిపోతానేమోనని భయంగా ఉండాది."

ఆఖరి పేజీలో ఆమె ఇల్లు ఉంది. మూసిన తలుపు, దానికి తాళం. ముఖం లేదు.

"కింద ఏమో రాసినారే?"

చిత్ర తనలో తాను చదువుకుని, తాత వంక చూసి ఆగిపోయింది.

"చెప్పమ్మా," అన్నాడు గుండూరావు.

"లోపల మనిషి ఉండాడని ఆయనకు తెలుసంట తాతా. వాళ్ల నాయన బొగ్గు గనిలో పని చేసి ఇదే దగ్గుతో పోయినాడంట. ఫోటో లేదంట. బొమ్మ గీయమని వాళ్లమ్మ అడిగితే, పదేళ్ల వయసులో ఈయనకు నాయన ముఖం గుర్తు రాలేదంట. అప్పట్నుంచి ఏ గని ఊరికి పోయినా, బొమ్మ గీయడానికి ముందు దగ్గే మనిషినే వెతుక్కునేవాడంట."