రెండు గళ్ల వాన

“మొన్నటి వానకు నా మిద్దె కూలిపాయ సార్. సాయం రాయండి,” అంది ఖమర్‌బీ.

పులివెందుల తాలూకా ఆఫీసులో గుమాస్తా బాలసుబ్బయ్య, గదిలో నిలిచిన నీళ్లలోంచి కాళ్లు ఎత్తి కుర్చీ మీద పెట్టుకుని, వాన రిజిస్టరు తెరిచాడు. “పడింది నాలుగు మిల్లీమీటర్లే. దానికి మిద్దె కూలుతుందా?”

“నూటా నాలుగని కొలిచిన ఆయప్పే చెప్పినాడే.”

“నిజమే. ఫారంలో రెండే గళ్లుండాయి. ముందరుండే ఒకటి పట్టల్యా, వదిలేసినా.”

“ఇంకో గడి గీయకూడదా?”

“ఈడ అంత వాన పడదని సర్కారోళ్లే అచ్చేసినారు. మనం దిద్దకూడదు. అయినా నాలుగే పడిందని తంతి పోయినాక కరువు పని మంజూరు చేసినారు. రేపట్నుంచి చెరువులో మట్టి తవ్వేదానికి రా.”

“చెరువులో మనిషి లోతు నీళ్లుండాయి సార్.”

బాలసుబ్బయ్య కలం సిరాలో ముంచాడు.

“లోతెంతో చెప్పు, రాసుకుంటా. రెండంకెలు దాటకుండా చెప్పు.”