రెండుసార్లు ఎంటర్

నాయుడుపేట ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ రాత్రి గ్రేసీ ఒక్కతే ఉంది. తెల్లారేసరికి కొత్త ప్రోగ్రాం సిద్ధం కావాలి. లినక్స్‌లో కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ పదమూడో వెర్షన్ ఎంచుకుని బిల్డ్ మొదలుపెట్టింది. తెరమీద మాత్రం తొమ్మిది అని పడింది. మళ్లీ మార్చింది. మళ్లీ తొమ్మిదే.

సీనియర్ మునిచంద్రకు ఫోన్ చేసింది.

"తొమ్మిది ఇంకా యాడుండాదమ్మా? రాజారత్నం అన్న పట్టుబట్టి వాడేది అదే. ఆయన చనిపోయినాక నేనే తీసేసినాను."

ఎంటర్ ఎప్పుడూ రెండుసార్లు కొట్టే మనిషి రాజారత్నం. వైరు ఊడదీసిన ఆయన కీబోర్డు గ్రేసీ వెనక బల్లమీదే ఉంది. ఆమె అటు తిరగలేదు.

ఫోన్ పెట్టేసి, "సరేలే రాజారత్నం అన్నా, నీదే పెడతా" అంటూ తొమ్మిది టైపు చేసింది. వేలు ఇంకా ఎంటర్ మీదికి పోలేదు.

వెనక నుంచి టక్, టక్‌మని వినిపించింది.