మేకు గీతలు

“నువ్వు మాత్రం నోరు తెరవొద్దత్తా, నీకు దండం పెడతా,” అంది శివకుమారి, చాప దులిపి పరుస్తూ.

“నేనేం మాట్లాడినానే?” అంది పోలేరమ్మ.

“పోయినసారి బీమా వాళ్ళు ఫోన్ చేస్తే ఏం చెప్పినావు? నా కోడలు బావిలోకి తొంగిచూసి, బరువుకు మళ్ళీ లేవలేక మూడు రోజులు అట్లనే ఉండిపోయింది, జనం దాని వీపు మీదనుంచే చేంతాడు వేసి నీళ్ళు తోడుకున్నారు అన్లేదా?”

“మూడు అన్లేదు. రెండే అన్నా.”

పోలేరమ్మ సంగతి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వీధికంతా తెలుసు. ఆమె నోట్లో పడితే తొండ కూడా మొసలై బయటికొస్తుంది. కానీ ఈసారి వ్యవహారం కోతలతో గట్టెక్కేది కాదు. పలకలు కోసే పనిలో పొద్దస్తమానం వంగి కూర్చునే శివకుమారికి రొమ్ముల బరువుకు మెడా వీపూ పట్టేసి పదేళ్ళయింది. బాడీ పట్టీలు ఒరిసి ఒరిసి రెండు భుజాల మీదా వేలు పట్టేంత గుంటలు పడ్డాయి. తగ్గించే ఆపరేషన్ ఉందని ఒంగోలు డాక్టరమ్మ చెప్పింది. శివకుమారి కొడుకు శివనాగరాజు పనిచేసే కంపెనీలో ఇంటిల్లిపాదికీ బీమా ఉంది. ఆ బీమా వాళ్ళేమో, ఇది అందం కోసం చేయించుకునేది, మేమివ్వం అని రెండుసార్లు కాగితాలు తిప్పి పంపారు. మూడోసారీ కాదంటే ఇక అంతే.

“అందమంట, అందం. అందం కావాలంటే పౌడరు పూసుకుంటాది గానీ కత్తి కిందికి పోతాదా?” అని పోలేరమ్మ ఆ కాగితాన్ని తిట్టని తిట్టు లేదు.

మళ్ళీ పంపాలంటే ఆరు నెలల పాటు నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసి పెట్టమన్నారు. ఇల్లంతా పలకలే గదా అని శివకుమారి బలపంతో పలక మీదే రాసింది. నాలుగు నెలలు గడిచాక, దసరాకు ఇల్లు దులుపుతూ పోలేరమ్మ తడిగుడ్డ పెట్టి ఆ పలకను శుభ్రంగా తుడిచేసింది. పైగా ఎంత నల్లగా మెరుస్తోందో అని మెచ్చుకుంది కూడా.

ఆ రోజు కోడలు ఏడవలేదు, తిట్టలేదు. అదే పోలేరమ్మకు గుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆమే కొత్త పలక, మేకు తీసుకుని కూర్చుంది. కోడలికి నిద్ర పట్టని ప్రతి రాత్రికీ తెల్లారి లేచి ఒక గీత. ఏ గుడ్డకూ చెరగని గీత. ఆరు నెలలు నిండాక ఆ పలక ఫోటో తీసి కాగితాలతో పంపారు.

నిన్న ఫోనొచ్చింది. “బీమా ఆఫీసులో పనిచేస్తాను, రమ్యశ్రీని. రేపు ఒకసారి మీ ఇంటికొస్తాను.”

అన్నట్టే పదకొండింటికి ఆటో దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. మండే మే నెలలో కూడా చున్నీని రెండు భుజాల మీదుగా దుప్పటిలా కప్పుకుంది. కుర్చీ వేస్తే వద్దని, చాప మీద గోడకు వీపు ఆనించి కూర్చుంది.

“ఆ పలక ఒకసారి చూపిస్తారా?”

తెచ్చి చేతికిచ్చారు. ఆమె గీతల మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది.

“నూట ముప్పై ఒకటి తల్లీ,” అంది పోలేరమ్మ ఆగలేక. “ఈ మేకు గీరే చప్పుడుకు దోర్నాల అడివిలో చిరుతలు పళ్ళు జివ్వుమని చెవులు మూసుకున్నాయంట.”

శివకుమారి అత్త కాలు తొక్కింది.

“బోర్లా పడుకోగలరా?” అడిగింది రమ్యశ్రీ.

“పదేళ్ళయింది మేడమ్.”

“పరిగెత్తడం?”

“బస్సు పోతాంటే పోనిస్తా.”

“ఆపరేషనంటే భయం లేదా? నలుగురూ నవ్వుతారని?”

“ఇప్పుడు నవ్వట్లేదా ఏంది?”

రమ్యశ్రీ వీపు గోడకు ఇంకాస్త ఆనించుకుంది. “ఇంట్లో మొదట ఎవరికి చెప్పారు?”

“మా అత్తకు.”

“ఆమె ఏమన్నారు?”

“ఏమంటా?” అంది పోలేరమ్మ. “రెండు పలకల కట్టలు తువ్వాలకు కట్టి మెడలో వేసుకుని పొద్దంతా తిరిగి చూసినా. మాపటికి సాలురా దేవుడా అని దించేసినా. నేనైతే దించుకున్నా. అది యాడ దించుకుంటాది?”

ఇందులో కోత లేదని కాబోలు, ఈసారి కోడలు కాలు తొక్కలేదు. రమ్యశ్రీ తల వంచుకుంది.

“అయినా ఆరు నెలలు నొప్పి లెక్కపెట్టడమేంది తల్లీ? మీ వాళ్ళకైనా ఇదే రూలా?”

“మా ఆఫీసు వాళ్ళకైనా ఇదే రూలు పెద్దమ్మా.”

గంట దాటింది. పోలేరమ్మ చూస్తూనే ఉంది. వచ్చినామె సంచీలోంచి కాగితం తీయలేదు, పెన్ను మూత తీయలేదు. రాయడం లేదంటే కొట్టేసినట్టే.

“తల్లీ, ఆ బావి సంగతి అబద్ధం. రెండు రోజులు కాదు, ఒక్క గడియ కూడా కాదు. నా నోటి దురదకు నా కోడలి కాగితం ఆపొద్దు.”

రమ్యశ్రీ మొదటిసారి నవ్వింది. “మీ బావి కథ మా ఆఫీసంతా విన్నాం. కాగితం ఆగలేదు పెద్దమ్మా. శుక్రవారమే పాసైంది. సంతకం పెట్టింది నేనే.”

శివకుమారి ఉన్నచోటే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలేరమ్మ వీధిలోకి పరిగెత్తింది. బీమా కంపెనీ వాళ్ళు నాలుగు కార్లలో వచ్చి, తీసుకోమని గడ్డం పట్టుకుని బతిమాలినారని ఎదురింటికీ పక్కింటికీ చెప్పి, గుప్పెట్లో చక్కెరతో తిరిగొచ్చింది. రమ్యశ్రీ నోట్లో పోయబోతూ ఆగింది.

“అవును గానీ, శుక్రవారమే పాసైతే మంగళవారం ఈ ఎండలో ఇంతదూరం ఎందుకొచ్చినావమ్మా?”

రమ్యశ్రీ గోడవార పేర్చిన కొత్త పలకల వైపు చూసింది. “వీటిలో ఒకటి తీసుకోనా?”

“పది తీసుకో. ఇంట్లో పిల్లలకా?”

ఆమె చున్నీ కిందికి చెయ్యి పోనిచ్చి భుజం మీద పట్టీ సర్దుకుంది. ఒక పలక తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ మేకు కూడా ఇలా ఇవ్వండి,” అంది.

పోలేరమ్మ ఇచ్చింది.

రమ్యశ్రీ తన మొదటి గీత గీసుకుంది.